చివరికి హంతకుడు దొరకని సీరియల్: హైదరాబాద్‌లో పెడితే ఏం మారుతుంది?

ప్రశ్న: ‘హోమిసైడ్: లైఫ్ ఆన్ ద స్ట్రీట్’ అనే పాత అమెరికన్ సీరియల్ చూశాం. పదకొండేళ్ళ పాప హత్య కేసుతో మొదలుపెట్టి, చివరికి ఎవరు చేశారో తేల్చకుండానే వదిలేశారు. మేం నలుగురు ఫ్రెండ్స్‌మి హైదరాబాద్ నేపథ్యంలో అలాంటి వెబ్ సిరీస్ ఒకటి రాస్తున్నాం. అందులోని ఇంటరాగేషన్ ఎపిసోడ్ లాంటిది మాకూ ఒకటి పెట్టాలని ఉంది. మన పోలీసులకు నిజంగా ఇలా తేలని కేసులుంటాయా? ఇరవై ఏళ్ళ తర్వాత ఫైల్ తెరిస్తే డీఎన్ఏతో పట్టుకోవచ్చా? హంతకుణ్ణి చూపించకపోతే చూసేవాళ్ళు తిట్టుకోరా?

సమాధానం:

నేను పోలీసు శాఖలో ఎస్ఐగా చేరి ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం హైదరాబాద్‌లోనే, అదీ క్రైమ్ పనిలోనే గడిచింది. మీరడిగిన సీరియల్ మా అబ్బాయి పుణ్యమా అని రెండేళ్ళ కిందట చూశాను. మామూలుగా క్రైమ్ సీరియల్స్ చూస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. పంచనామా కాకముందే శవం మీద గుడ్డ లాగేస్తారు, హీరో చేతికి గ్లవ్స్ ఉండవు. ఇది మాత్రం ఆపకుండా చూశాను.

అది ఊరికే పుట్టిన కథ కాదు. డేవిడ్ సైమన్ అనే విలేకరి 1988లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో హత్య కేసులు చూసే పోలీసు విభాగంతో ఏడాది పాటు తిరిగాడు. 1991లో పుస్తకం వేశాడు. 1993 నుంచి 1999 దాకా ఎన్‌బీసీ అనే అమెరికన్ టీవీ చానల్‌లో సీరియల్‌గా వచ్చింది. ఆయన తిరిగిన ఏడాదిలోనే పదకొండేళ్ళ పాప హత్య ఒకటి జరిగింది, అది అసలు జీవితంలోనూ తేలలేదు. సీరియల్ వాళ్ళు దానికి ముగింపు అతికించకుండా అలాగే ఉంచారు. మీరు చెప్పిన ఇంటరాగేషన్ ఎపిసోడ్ పేరు ‘త్రీ మెన్ అండ్ అడేనా’. ఇద్దరు డిటెక్టివ్‌లు, బండి మీద పళ్ళు అమ్ముకునే ఒక ముసలాయన, ఒక గది. పన్నెండు గంటల టైము. రచయిత టామ్ ఫోంటానాకు దాని మీద ఎమ్మీ అవార్డు వచ్చింది. అందులో నాకు నచ్చింది అరుపులూ కేకలూ కాదు. మొదట్నుంచీ ‘వీడే చేశాడు’ అని పట్టుబట్టిన కుర్ర డిటెక్టివ్ చివరికి అనుమానంలో పడతాడు, పక్కనున్న అనుభవం గలవాడికి అప్పుడు నమ్మకం కుదురుతుంది. ఆ మార్పు రాసినవాడు ఎప్పుడో ఒక పోలీసు గదిలో తెల్లవారుజాము దాకా కూర్చుని ఉంటాడు.

ఇక మీ మొదటి తప్పు చెబుతాను. ఆ ఎపిసోడ్‌ని తెచ్చి హైదరాబాద్ స్టేషన్‌లో పెడితే పనిచేయదు. బాల్టిమోర్‌లో ఆ గదే కేసు. ముసలాయన ‘నేనే చేశాను’ అంటే చాలు, కేసు క్లోజ్, వాళ్ళ కేసుల బోర్డు మీద తేలని కేసుకు రాసిన ఎర్ర అక్షరాల పేరు నల్ల అక్షరాల్లోకి మారుతుంది. మన దగ్గర పోలీసు ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. 1872 నాటి ఎవిడెన్స్ యాక్ట్‌లో సెక్షన్ 25 అదే చెప్పింది, ఇప్పుడొచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 23 కూడా అదే చెబుతోంది. ఒక్క మినహాయింపు ఉంది. నిందితుడు చెప్పిన మాటను బట్టి ఒక వస్తువు దొరికితే, ఆ వస్తువుకు సంబంధించిన మేరకు ఆ మాట పనికొస్తుంది. పాత చట్టంలో అది సెక్షన్ 27. మా వాళ్ళంతా ‘ట్వంటీ సెవెన్ రికవరీ’ అంటారు. కాబట్టి మన పోలీసుకి ‘నేనే చంపాను’ అన్న మాట కన్నా ‘కత్తి ఫలానా చోట పెట్టాను’ అన్న మాట విలువైంది. నార్కో టెస్ట్ సీన్ కూడా రాయకండి. మనిషి ఒప్పుకోకుండా ఆ పరీక్ష చేయకూడదని సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో చెప్పేసింది. ఒప్పుకుని చేయించుకున్నా అందులో చెప్పింది సాక్ష్యం కాదు, దాని ద్వారా ఏదైనా వస్తువు దొరికితేనే ఉపయోగం.

తేలని కేసులుంటాయా అన్నారు. ఉంటాయి. మా భాషలో ‘యూఎన్’ అంటాం, అన్‌డిటెక్టెడ్ అన్నమాట. కానీ బయటివాళ్ళు అనుకున్నట్టు అవన్నీ ఎవరు చేశారో తెలియని కేసులు కావు. ‘ఎవరో మాకు తెలుసు, చూపించడానికే ఏమీ లేదు’ అనే రకం నేను చూసినవాటిలో తక్కువేమీ కాదు. మీ కథ అక్కడుంది. మాకు తెలుసు అనుకున్నది నిజంగా తెలియడమేనా అన్నది ఇంకో కథ. నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. పేటా, స్టేషనూ చెప్పను.

2003 ఆగస్టు. నేను ఎస్ఐని. ఒక బస్తీలో పిండి గిర్నీ నడుపుకునే మనిషిని రాత్రి గిర్నీలోనే తల మీద కొట్టి చంపారు. షట్టర్ సగం దించి ఉంది. నేలంతా పిండి. మేం ఆటోలో వెళ్ళేసరికే బస్తీలో సగం మంది లోపల ఉన్నారు. పిండిలో అడుగుల గుర్తులు ఎన్ని ఉన్నాయంటే సంతలో కూడా అన్ని ఉండవు. వాటిలో హంతకుడివి ఉండే ఉంటాయి, మా కానిస్టేబుల్ బూట్లవీ ఉన్నాయి. హత్య కేసు కాబట్టి దర్యాప్తు అధికారి ఇన్‌స్పెక్టర్, నేను సాయం. క్లూస్ టీమ్ వచ్చి త్రాసు పళ్ళెం మీద రెండు చాన్స్ ప్రింట్స్, అంటే నేరస్థలంలో దొరికే వేలిముద్రలు, తీసింది. శవం పక్కన ఒక తువ్వాలు దొరికింది. వానకి తడిసి, రక్తం అంటుకుని ఉంది. చనిపోయినాయనది కాదని భార్య చెప్పింది.

ఆ తువ్వాలు ప్యాక్ చేసింది నేనే. పక్క కిరాణా కొట్టులో పాలిథిన్ కవరు అడిగి అందులో వేశాను, పైన గుడ్డ చుట్టి కుట్టించాను, పంచుల సంతకాలున్న చీటీ అంటించి లక్క సీలు వేశాను. చూడడానికి పద్ధతిగా ఉంది. తడి గుడ్డను నీడలో ఆరబెట్టి కాగితంలో చుట్టాలని ట్రైనింగ్‌లో చెప్పారు. ఆ రోజు గుర్తు రాలేదా, గుర్తొచ్చీ తొందరలో వదిలేశానా అంటే ఇప్పుడు ఏం చెప్పినా సాకే అవుతుంది. మూట కోర్టుకు పోయి, ఏం పరీక్ష చేయాలో అడిగే లెటర్ ఆఫ్ అడ్వైస్‌తో రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్ ఎఫ్‌ఎస్‌ఎల్‌కు చేరేసరికి వారాలు గడిచాయి. కవరు విప్పితే బూజు. రిపోర్టులో ఒకే వాక్యం: రక్తం ఉంది, గ్రూపు నిర్ధారించలేకపోయాం.

అనుమానం ఎవరి మీదంటే చనిపోయినాయన తమ్ముడి మీద. గిర్నీలో వాటా కోసం అన్నదమ్ములకు ఆరు నెలలుగా మాటల్లేవు. అంత్యక్రియల్లో అందరికన్నా గట్టిగా ఏడ్చింది అతనే. ఆ రాత్రి షాద్‌నగర్‌లో బంధువుల ఇంట్లో ఉన్నానన్నాడు, ఆర్టీసీ టికెట్ చూపించాడు. ఆ టికెట్ ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. మన జనం బస్సు టికెట్‌ను ఏం చేస్తారు? మడిచి వాచీ పట్టీలో దోపుతారు, చుట్టి చెవిలో పెట్టుకుంటారు, దిగగానే పారేస్తారు. ఇతని టికెట్ ఇస్త్రీ చేసినట్టుంది. ఎక్కడా మడత లేదు. ఇన్‌స్పెక్టర్ గారు దాన్ని లైటుకు ఎదురుగా పట్టుకుని చూసి, నా వైపు చూసి, మళ్ళీ దాన్ని చూశారు. ఇద్దరికీ ఒకటే అర్థమైంది. దాన్ని కోర్టులో ఏ సెక్షన్ కింద చెబుతాం?

ఆ రాత్రి పదకొండు నుంచి తెల్లారేదాకా అడిగాం. నాలుగింటికి ‘అవును సార్’ అన్నాడు. రాడ్డుతో కొట్టానన్నాడు. రాడ్డు ఎక్కడంటే మూసీలో పడేశానన్నాడు. ఆగస్టులో మూసీ. పైన వానలు, నీళ్ళు గోధుమ రంగులో పరుగెత్తుతున్నాయి. ఇద్దరు ఈతగాళ్ళను దింపాం. చెప్పులు, బండి టైర్లు, ఒక అమ్మవారి పటం దొరికాయి. రాడ్డు దొరకలేదు. వేలిముద్రలు అతనివి కావు. మర్నాడు అతను ‘నేనలా అనలేదు’ అన్నాడు. పంపించేశాం.

ఇక్కడే మీ కథకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఆ నాలుగింటి ‘అవును సార్’ను నేను చాలా ఏళ్ళు నిజమనే నమ్మాను. తర్వాత సర్వీసు పెరిగేకొద్దీ, అలాంటి రాత్రుల్లో ఎంతమంది ఏమేం ఒప్పుకుంటారో చూశాక, ఆ నమ్మకం కాస్త సడలింది. నిద్రలేనివాడు, భయపడ్డవాడు, ఇంటికి పోతే చాలనుకునేవాడు చాలా వాటికి అవునంటాడు. సెక్షన్ 25ను పోలీసుల మీద అవమానంగా మేం తిట్టుకునేవాళ్ళం. అది ఎందుకు పెట్టారో నాకు ఇన్‌స్పెక్టర్ అయ్యాక గానీ తలకెక్కలేదు. అతనిప్పటికీ అదే గిర్నీ నడుపుతున్నాడు. ఆ దారిన వెళితే ‘నమస్తే సార్’ అంటాడు. నేనూ తలూపుతాను.

పొరపాటు మనిషిని పట్టుకుంటే ఏమవుతుందో తెలుగువాళ్ళకు బాగా తెలిసిన కేసే ఉంది. 2007 డిసెంబర్‌లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో ఒక ఫార్మసీ విద్యార్థినిని చంపారు. ఒక కుర్రాడికి 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న అప్పటి ఉమ్మడి హైకోర్టు, ఇక్కడే హైదరాబాద్‌లో, ఆ శిక్షను కొట్టేసి అతన్ని విడుదల చేసింది. 2018లో కేసు సీబీఐకి వెళ్ళింది. తీరా చూస్తే కింది కోర్టులో ఉండాల్సిన కేసు వస్తువులు ధ్వంసం చేసేసి ఉన్నాయి. చివరికి 2019 డిసెంబర్‌లో తెనాలిలో ఆ అమ్మాయి అవశేషాలను బయటికి తీసి మళ్ళీ పోస్టుమార్టం చేయాల్సి వచ్చింది. పన్నెండేళ్ళ తర్వాత సాక్ష్యం కోసం సమాధి దాకా పోవాల్సి వచ్చిందంటే, కేసు బలం ఎక్కడుంటుందో ఆలోచించండి. కాబట్టి మీ ఇంటరాగేషన్ ఎపిసోడ్‌ను ప్రాపర్టీ రూమ్‌లో, అంటే కేసు వస్తువులు దాచే గదిలో, పెట్టండి. ట్యూబ్‌లైటు మినుకుమినుకుమంటుంటే, ఇనుప ర్యాకుల్లో బీరు సీసాల పెట్టెల మధ్య నుంచి ఒక మూట లాగి, చీటీ మీద నంబరు చదవడానికి చూస్తారు. ఇంకు వెలిసిపోయి ఉంటుంది. అక్కడ ఒకే గదిలో ఇద్దరు మనుషులను కూర్చోబెట్టి నలభై నిమిషాలు నడపొచ్చు.

డీఎన్ఏ గురించి. హైదరాబాద్‌లో పెట్టడానికి ఇంతకన్నా మంచి సబ్జెక్టు లేదు. దేశంలో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ మొదలైందే ఇక్కడ. హబ్సిగూడలోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ గారు 1980ల చివర్లో చేసిన పని అది. ఆ తర్వాత దాని కోసమే సీడీఎఫ్‌డీ అనే ఇంకో సంస్థ వచ్చింది. కానీ శాంపిల్ మెషీన్‌లో పెట్టగానే తెర మీద ఫోటో, అడ్రసు రావడం అబద్ధం. పోల్చడానికి మనకు ఎదురుగా ఒక మనిషి ఉండాలి. జాతీయ డీఎన్ఏ బ్యాంకు పెట్టడానికి తెచ్చిన బిల్లు 2019లో లోక్‌సభలో పెట్టారు, 2023లో వెనక్కి తీసుకున్నారు. అమెరికాలో బంధువుల డీఎన్ఏ వెబ్‌సైట్లలో వెతికి 2018లో పాత హంతకుణ్ణి పట్టుకున్నారు కదా, ఆ దారి మనకు లేదు. బూజు పట్టిన తువ్వాల్లోంచి ఏదైనా వస్తుందా అని మీరడగొచ్చు. ఒక్కోసారి వస్తుంది, ఇప్పటి పద్ధతులు చాలా చిన్న నమూనాతోనూ పనిచేస్తాయి. కానీ ముందు ఆ తువ్వాలు ఉండాలి కదా.

నన్నడిగితే పాత కేసులో నిజంగా పనికొచ్చేది వేలిముద్ర. కాగితం మీదో ఫోటోలోనో భద్రంగా ఉంటే దానికి బూజు పట్టదు. 2022లో నాఫిస్ అనే జాతీయ వేలిముద్రల వ్యవస్థ వచ్చింది. 2003లో త్రాసు పళ్ళెం మీద దొరికిన ముద్ర అప్పట్లో మా వేలిముద్రల బ్యూరో దగ్గరున్న పాత నేరస్తుల కార్డులతోనే పోల్చి చూశారు. ఇప్పుడైతే వేరే రాష్ట్రంలో బైకు దొంగతనంలో దొరికినవాడితో కలవొచ్చు. అలా కలిస్తే మీ కథ మొత్తం తలకిందులవుతుంది, తమ్ముడు నిర్దోషి అవుతాడు. నేనైతే ఆ ఎపిసోడ్ రాస్తాను.

సీసీ కెమెరాలు, ఫోన్లు చిటికెలో చెప్పేస్తాను. 2013 పబ్లిక్ సేఫ్టీ చట్టం ప్రకారం జనం ఎక్కువగా వచ్చే సంస్థలు ఫుటేజీ 30 రోజులు ఉంచాలి, ఆ తర్వాత దాని మీదే కొత్తది రికార్డవుతుంది. కాల్ రికార్డులు టెలికాం కంపెనీలు ఉంచాల్సిన గడువు 2021 చివరి దాకా ఏడాది, ఇప్పుడు రెండేళ్ళు. కాబట్టి మీ హీరో ఇరవై ఏళ్ళ తర్వాత ‘ఆ రాత్రి టవర్ లొకేషన్ తీయండి’ అంటే చూసే పోలీసులంతా నవ్వుతారు. పోస్టుమార్టం డాక్టర్ కూడా ‘రాత్రి 10 గంటల 42 నిమిషాలకు చనిపోయాడు’ అని చెప్పడు. ‘పరీక్షకు 12 నుంచి 24 గంటల ముందు’ అని రాస్తాడు, హైదరాబాద్ ఎండాకాలంలో అయితే అదీ జాగ్రత్తగా రాస్తాడు.

మరి పాత కేసులు ఎలా తేలతాయి? నేను చూసినంతలో సైన్స్ కన్నా ఎక్కువగా గొడవల వల్ల. మొగుడూ పెళ్ళాలు విడిపోతారు. కలిసి చేసిన ఇద్దరు ప్లాటు దగ్గర కొట్టుకుంటారు. తాగి ఎవడో ‘నా సంగతి నీకు తెలియదు’ అంటూ పాత ఘనకార్యం చెప్పుకుంటాడు. ఏళ్ళు గడిస్తే వస్తువులు పాడవుతాయి గానీ, నోరు మూసుకుని ఉన్న మనిషికి మూసుకోవాల్సిన అవసరం పోతుంది. అప్పుడు మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఇప్పిస్తాం, నేరంలో వాటా ఉన్నవాడైతే, వీలుంటే అప్రూవర్‌గా, అంటే మా తరఫు సాక్షిగా, మారుస్తాం. హత్యకు కాలపరిమితి లేదు కాబట్టి ముప్పై ఏళ్ళకైనా కేసు కదులుతుంది. మూసేసిన కేసులో తిరిగి దర్యాప్తు చేయడాన్ని చట్టం ‘ఫర్దర్ ఇన్వెస్టిగేషన్’ అంటుంది, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో సెక్షన్ 173(8). మీరు 2003 హత్యను 2025లో తెరిచినట్టు రాస్తే పాత ఐపీసీలోని హత్య సెక్షన్ 302 అనే రాయండి, కొత్త భారతీయ న్యాయ సంహితలోని 103 కాదు. కొత్త చట్టాలు 2024 జులై 1 నుంచి వచ్చాయి, నేరం జరిగిన రోజు చట్టమే ఆ నేరానికి వర్తిస్తుంది. ఈ ఒక్క తప్పుకే లాయర్లు మీ సీరియల్‌ను కామెంట్లలో చీల్చి చెండాడతారు.

కేసు ఎలా మూతపడుతుందో కూడా చూపించండి. పెద్ద నిర్ణయం ఏమీ ఉండదు. నెలవారీ క్రైమ్ మీటింగ్‌లో పైఅధికారి ‘మీ స్టేషన్‌లో యూఐ కేసులు ఎన్ని పెండింగ్‌?’ అంటాడు. యూఐ అంటే ఇంకా దర్యాప్తులో ఉన్నవి. వరసగా నంబర్లు చదువుతారు. మూడేళ్ళ నాటి గిర్నీ కేసు దగ్గరికొచ్చేసరికి ‘ఇంకా ఎందుకు మోస్తున్నారు?’ అంటాడు. కేసు మూసేస్తున్నామని కోర్టుకు చెప్పే ఫైనల్ రిపోర్ట్‌ను స్టేషన్ రైటర్ టైపు చేస్తాడు. ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టి టీ తాగుతాడు.

కోర్టు ఆ రిపోర్టును ఒప్పుకునే ముందు ఫిర్యాదుదారుకి నోటీసు ఇవ్వాలి. 1985లో భగవంత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన నియమం అది. అభ్యంతరం ఉంటే వాళ్ళు కోర్టులో ప్రొటెస్ట్ పిటిషన్ వేసుకోవచ్చు. 2006లో ఆ నోటీసు పట్టుకుని గిర్నీ ఆయన ఇంటికి వెళ్ళింది నేనే. హంతకుణ్ణి చూపించకపోతే చూసేవాళ్ళు తిట్టుకోరా అన్న మీ సందేహానికి నా దగ్గర ఇంతకన్నా జవాబు లేదు.

చనిపోయినాయన భార్య అప్పటిదాకా నెలకోసారి స్టేషన్‌కు వచ్చేది. ‘సారూ, మా కేసు యాడిదాంక వచ్చింది?’ అనేది. ‘నడుస్తోందమ్మా’ అనేవాణ్ణి. ఆ రోజు నన్ను ఇంటి దగ్గర చూసి ముఖం వెలిగింది, ఎవరో దొరికారనుకుంది. కుర్చీ వేసి, కొంగుతో తుడిచింది. ఆమెకు చదువు రాదు. కొడుకు పదో తరగతి, హత్యప్పుడు ఏడో తరగతి. నోటీసు వాడికిచ్చాను. నిలబడి, పాఠం చదివినట్టు గట్టిగా చదివాడు. ‘...ఎంత ప్రయత్నించినను నేరస్తుల ఆచూకీ తెలియనందున ఈ కేసు మూసివేయుటకు...’ మధ్యలో ఆగి నా వైపు చూశాడు. పిటిషన్ వేసుకోవచ్చని నేను చెప్పబోయాను. ఆమె నా మాట వినడం లేదు.

‘ఇండ్ల మీ చిన్నాయన పేరున్నదా సూడు బిడ్డా’ అంది.

వాడు మళ్ళీ మొదటి నుంచి చదివాడు, ఈసారి లోపల్లోపల, పెదాలు కదుపుతూ.

‘లేదమ్మా.’

స్టాంప్ ప్యాడ్ ముందుకు జరిపాను. ఆమె వేలిముద్ర వేసి, వేలికి అంటిన ఇంకు తలకు రాసుకుంది.